సార్వభౌమ ఉన్ముక్తి – నిజాం లండను నిధి వివాదం

ఒక దేశపు గడ్డమీద ఉన్న ప్రతి మనిషీ, ప్రతి ఆస్తీ ఆ దేశపు న్యాయస్థానాల అధికారానికి లోబడి ఉంటాయన్నది పౌరశాస్త్రంలో మనం నేర్చుకొనే తొలి పాఠాలలో ఒకటి. అంతర్జాతీయ న్యాయం ఈ సూత్రానికి కొన్ని మినహాయింపులు ఏర్పరచినది. పరదేశపు ప్రభుత్వాన్ని, దాని అధినేతను, దాని రాయబారిని, దాని యుద్ధనౌకను స్థానిక న్యాయస్థానం తన యెదుటికి రప్పించజాలదు. ఇంగ్లీషువారు ఇమ్యూనిటీ అని పిలిచే ఈ రక్షణను మన న్యాయ పరిభాషలో ఉన్ముక్తి అంటున్నారు. పత్రికలవారు దౌత్య రక్షణ అని తేలిక చేసి వ్రాస్తారు గాని, రాయబారులకు దక్కినది ఈ ఉన్ముక్తిలో ఒక పాలు మాత్రమే.

న్యాయస్థానపు అధికార పరిధిని ఉర్దూలో ఇఖ్తియారె సమాఅత్ అంటారు. సమాఅత్ అనగా వినడం. తెలుగులో మనం వాడే పరిధి అన్న మాట నేలమీద గీత గీసినట్లుంటుంది. ఉర్దూ మాట విషయాన్ని ఇంకా సూటిగా పట్టుకొన్నది. ఉన్ముక్తి కలిగిన ప్రతివాది యెదుట నిలిచినప్పుడు న్యాయమూర్తి అతడు నిర్దోషి అని చెప్పడు, ఆస్తి అతనిదేనని కూడ చెప్పడు. ఈ తగవు వినే అధికారం తనకు లేదని మాత్రమే చెప్పి ఊరుకొంటాడు. ఈ తేడా మనసుకు పట్టినవారికి తక్కిన పాఠమంతా సులభం. పట్టనివారు పరీక్ష జవాబులోనే గాక, పత్రిక చదివేటప్పుడు కూడ పొరబడుతుంటారు.

ఈ తేడాను హైదరాబాదు ప్రభుత్వపు ఖాతా నుండి 1948లో తరలిపోయిన ఒక మొత్తం చరిత్రను ఆధారం చేసుకొని వివరించదలచినాను. అంతకు ముందు ఈ సూత్రం పుట్టుకను గురించి నాలుగు మాటలు అవసరం.

రాయబారిని బంధించరాదన్న మర్యాద అన్ని నాగరికతలలోను ఉన్నదే. అది లిఖిత శాసనంగా మారడానికి మాత్రం ఒక అప్పుల గొడవ కారణమైనది. 1708లో లండనులో ఉన్న రష్యా రాయబారి మత్వీవ్ సెలవు పుచ్చుకొని బయలుదేరబోతుండగా, బాకీ రావలసిన వర్తకులు ఆయనను బండిలో నుండి దింపి పట్టించినారు. రష్యా చక్రవర్తి పీటరు మండిపడినాడు. ఆన్ రాణి ప్రభుత్వం క్షమాపణ చెప్పుకొని, రాయబారుల మీద వేసే వ్యాజ్యాలు చెల్లవని పార్లమెంటులో ఒక చట్టం చేయించినది. ఇంగ్లండులో ఆ చట్టం 1964 వరకు అమలులో ఉన్నది.

ప్రభుత్వాల విషయంలో ఆదిగ్రంథం వంటి తీర్పు 1812లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చినది. ఎక్స్ఛేంజ్ అనే సరకు ఓడ ఇద్దరు అమెరికను వర్తకులది. నెపోలియను ప్రభుత్వం దానిని సముద్రం మీద పట్టుకొని, తుపాకులు అమర్చి, తన యుద్ధనౌకగా మార్చుకొన్నది. కొంతకాలానికి అదే ఓడ గాలివానకు దెబ్బతిని ఫిలడెల్ఫియా రేవుకు చేరినది. తమ ఓడ తమ దేశపు రేవుకే వచ్చినదని యజమానులు న్యాయస్థానానికి పరుగెత్తినారు. ప్రధాన న్యాయమూర్తి మార్షల్ వారి దావా చెల్లదన్నాడు. స్నేహంగా ఉన్న దేశపు యుద్ధనౌక రేవులోకి వచ్చినప్పుడు, దానిని పట్టబోమన్న అంగీకారం ఆ ప్రవేశంలోనే ఇమిడి ఉన్నదని ఆయన వాదం. ఓడ న్యాయంగా ఎవరిది అన్న ప్రశ్న తీర్పులో ఎక్కడా తేలలేదు. సమానులైన ఇద్దరు ప్రభువులలో ఒకరు రెండవవారికి తీర్పరి కారాదన్నదే ఇక్కడ మూలసూత్రం.

ఈ సూత్రం ఎంత విడ్డూరమైన చోట్లకు పోగలదో తెలియడానికి ఇంకొక్క ముచ్చట చాలును. మలయా ద్వీపకల్పంలోని జొహోరు సుల్తాను ఆల్బర్ట్ బేకర్ అనే మారుపేరుతో ఇంగ్లండులో కాపురముండి, ఒక యువతికి పెండ్లి మాట ఇచ్చి తప్పినాడని ఆమె దావా వేసినది. జొహోరు స్వతంత్ర రాజ్యమని, ఈయన దాని పాలకుడని వలస రాజ్యాల శాఖ ఉత్తరం వ్రాయగానే 1894లో దావా కొట్టివేయబడినది. ఆమె చెప్పినది నిజమా కాదా అన్నది ఎవరూ విచారించలేదు.

ఇక మన కథకు వత్తము.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యాలు హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించినవి. 17న ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభుత్వం లొంగిపోయినది. లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసినది. ఆ రోజులలో ఆర్థికమంత్రి మొయిన్ నవాజ్ జంగ్ హైదరాబాదులో లేడు. సంస్థానం తరపున భద్రతా మండలిలో ఫిర్యాదు వినిపించడానికి పారిసు వెళ్లి ఉన్నాడు. లండనులోని వెస్ట్ మినిస్టర్ బ్యాంకులో హైదరాబాదు ప్రభుత్వానికి ఖాతా ఉండేది. లొంగుబాటు జరిగిన మూడు రోజులకు, సెప్టెంబరు 20న, ఆ ఖాతాలోని 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు లండనులోని పాకిస్తాను హైకమిషనరు హబీబ్ ఇబ్రహీం రహీంతూలా పేరనున్న ఖాతాకు మార్చబడినవి.

వారం తిరిగీ తిరుగకముందే నిజాం బ్యాంకుకు తంతి ఇచ్చినాడు. ఈ బదిలీకి తన అనుమతి లేదు, సొమ్మును తిరిగి తన ఖాతాకు చేర్చవలసినదని అందులోని సారం. బ్యాంకువారు తమ వృత్తి మర్యాద ప్రకారం జవాబిచ్చినారు: సొమ్ము ఇప్పుడు వేరొకరి పేర ఉన్నది, వారి సమ్మతి లేనిదే మేము కదల్చలేము. రహీంతూలా సమ్మతించలేదు. అక్కడినుండి ఆ సొమ్ము ఎవరికీ అందని సొమ్మయి కూర్చున్నది.

1954లో నిజాం లండను హైకోర్టులో దావా వేసినాడు. ప్రతివాదులు పాకిస్తాను ప్రభుత్వం, రహీంతూలా, బ్యాంకు. పాకిస్తాను స్వతంత్ర రాజ్యం గనుక దాని మీది దావా తొలిమెట్టులోనే తొలగిపోయినది. అసలు పోరాటం రహీంతూలా దగ్గర జరిగినది. ఆయన ఖాతాదారుగా ఉన్న ఒక వ్యక్తి; 1952లో హైకమిషనరు పదవి కూడ వదలినాడు. వ్యక్తి మీద దావా వేస్తే రాజ్యానికి ఏమి సంబంధమని నిజాం న్యాయవాదుల ప్రశ్న. నేను నా ప్రభుత్వపు ఏజెంటుగా, దాని తరపున ఈ సొమ్ము పుచ్చుకొన్నాను, నా మీది దావా నా ప్రభుత్వం మీది దావాయే అని రహీంతూలా సమాధానం. కింది న్యాయస్థానం రహీంతూలా పక్షాన, అప్పీలు న్యాయస్థానం నిజాం పక్షాన తీర్పు చెప్పినవి. 1957 నవంబరులో ప్రభువుల సభలోని అయిదుగురు న్యాయమూర్తులు ఆఖరి మాట చెప్పినారు. సొమ్ము మీద చట్టరీత్యా హక్కు రహీంతూలా చేతిలో ఉన్నది. ఆ చేయి పాకిస్తాను రాజ్యానిది. కనుక దావా సాగదు.

ఇక్కడ విద్యార్థి ఒక్క నిమిషం ఆగి ఆలోచించవలెను. ఆ తీర్పుతో సొమ్ము పాకిస్తానుకు దక్కినదా? దక్కలేదు. ఖాతా మీద పాకిస్తానుకు ఉన్న హక్కు రుజువైనదా? అదీ లేదు. నిజాం హక్కు వీగిపోయినదా? ఆ ప్రశ్నను న్యాయస్థానం తాకనేలేదు. హక్కు ఉన్నదో లేదో తేల్చుకొనే దారి మాత్రం మూతపడినది. బ్యాంకు సైతం, హక్కు ఎవరిదో తేలనందున, ఎవరికీ ఇవ్వక దాచి ఉంచినది. ఈ సందర్భంలోని ఒక వైచిత్రిని గమనించవలెను. భారతదేశంలో అప్పటికి పూర్వ సంస్థానాధీశుల మీద కేంద్ర ప్రభుత్వం అనుమతి లేనిదే సివిలు దావా వేయడానికి వీలులేదు. అనగా తన ఊరిలో ఉన్ముక్తి అనుభవించిన నిజామే లండనులో మరొకరి ఉన్ముక్తికి తగులుకొని నిలిచిపోయినాడు. రాజుల ఆ ప్రత్యేక రక్షణ రాజభరణాల రద్దు తరువాత 1972లో చాలవరకు తొలగినది.

అయిదుగురిలో ఒకరైన లార్డు డెన్నింగు ఫలితంతో ఏకీభవించినా, దారి మార్చుకొన్నాడు. ప్రతివాది రాజ్యమా కాదా అని చూచుట కంటె, తగవు స్వభావం ఏమిటని చూడవలెనని ఆయన అభిప్రాయం. తగవు ప్రభుత్వాల మధ్య నడచిన రాజకీయ వ్యవహారమైతే న్యాయస్థానం తప్పుకోవలెను. వర్తక వ్యవహారమైతే రాజ్యమైనా వచ్చి జవాబు చెప్పవలెను. ఈ సొమ్ము బదిలీ ప్రభుత్వాల మధ్య వ్యవహారం గనుక తానుకూడ కొట్టివేస్తున్నానన్నాడు. తక్కిన న్యాయమూర్తులు ఆయన సిద్ధాంతంతో తమకు సంబంధం లేదని దాదాపు విసుగు కనబరచినారు. అయినను ఇరవై ఏండ్లు గడచేసరికి ఆయన మాటే నిలిచినది. నైజీరియా ప్రభుత్వం సిమెంటు కొనుగోలు చేసి, ఆ దేశపు కేంద్ర బ్యాంకు చెల్లింపు నిరాకరించిన వ్యాజ్యంలో 1977లో డెన్నింగు సభ్యుడుగా ఉన్న అప్పీలు న్యాయస్థానమే ఉన్ముక్తిని కాదన్నది. మరుసటి ఏడు, 1978లో, బ్రిటిషు పార్లమెంటు రాజ్య ఉన్ముక్తి చట్టం చేసి, వర్తక వ్యవహారాలను దాని నుండి మినహాయించినది.

లండను ఖాతా నిద్రపోతున్న ఈ కాలంలోనే మన దేశంలోను ఈ శాఖ రూపు దిద్దుకొన్నది. దౌత్య సంబంధాలను గురించి 1961లో వియన్నాలో కుదిరిన ఒడంబడికలో భారతదేశం 1965లో చేరినది. దానికి దేశీయ చట్టబలం ఇస్తూ 1972లో ఒక శాసనం చేసినది. ఆ ఒడంబడిక ప్రకారం రాయబారిని నిర్బంధించరాదు, క్రిమినలు విచారణకు లాగరాదు. సొంత స్థిరాస్తి, వారసత్వం, సొంత వర్తకం వంటి సివిలు తగవులలో మాత్రం మినహాయింపులు ఉన్నవి. అతడు ఈ నేల చట్టాలను గౌరవించవలెననీ ఒడంబడికలోనే వ్రాసి ఉన్నది. తప్పు చేసినవానిని వెళ్లగొట్టవచ్చును. అతనిని పంపిన రాజ్యం తన ఉన్ముక్తిని వదులుకొంటే విచారించవచ్చును. అది వ్యక్తి సొత్తు కాదు గనుక, వదులుకొనే అధికారం వ్యక్తికి లేదు.

ఇటలీ నావికుల వ్యవహారంలో ఈ చివరి మాట పరీక్షకు వచ్చినది. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి ఆవల ఒక ఇటలీ ఓడ మీది సైనికుల కాల్పులకు ఇద్దరు మత్స్యకారులు మరణించినారు. నిందితులైన ఇద్దరు నావికులు ఎన్నికలలో ఓటు వేసి తిరిగి వస్తారని 2013లో ఇటలీ రాయబారి సుప్రీంకోర్టుకు హామీ ఇచ్చినాడు. వారు తిరిగి రారని ఇటలీ ప్రకటించగానే, రాయబారి దేశం విడిచిపోరాదని కోర్టు ఆదేశించినది. వియన్నా ఒడంబడిక దృష్ట్యా ఆ ఆదేశం నిలిచేదేనా అన్న చర్చ ముదురకముందే నావికులు తిరిగి వచ్చినారు. తుదకు అంతర్జాతీయ మధ్యవర్తి న్యాయస్థానం 2020లో, వారు తమ రాజ్యపు విధి నిర్వహణలో ఉన్నందున భారతీయ న్యాయస్థానాలకు వారిని విచారించే అధికారం లేదని, భారతదేశానికి పరిహారం మాత్రం రావలెనని తీర్పు చెప్పినది. 10 కోట్ల రూపాయలు జమ అయిన పిమ్మట 2021 జూనులో సుప్రీంకోర్టు కేసు ముగించినది. రోములో నడచిన విచారణను 2022లో అక్కడి న్యాయమూర్తి మూసివేసినాడు. మృతుల కుటుంబాలకు సొమ్ము అందినది. ఆనాడు సముద్రం మీద జరిగినది సాక్ష్యాలతో బహిరంగంగా ఏ న్యాయస్థానంలోను పూర్తిగా వినబడలేదు.

సివిలు తగవులకు మన సివిల్ ప్రొసీజర్ కోడు 86వ సెక్షను ఉన్నది. విదేశీ రాజ్యం మీద దావా వేయదలచినవారు కేంద్ర ప్రభుత్వపు లిఖితపూర్వక అనుమతి తెచ్చుకోవలెను. అద్దెకున్న స్థిరాస్తి కౌలుదారుకు మాత్రం ఆ బాధ లేదు. ఢిల్లీలో అల్జీరియా రాయబార కార్యాలయానికి మరమ్మతులు చేసిన ఒక గుత్తేదారుకు బాకీ రాలేదు. దావాకు అనుమతి కోరితే, రాజకీయ కారణాల వల్ల ఇవ్వజాలమని ప్రభుత్వం ఒక్క వాక్యంతో తోసిపుచ్చినది. 1986లో సుప్రీంకోర్టు ఆ వైఖరిని తప్పుపట్టి, కారణాలు చూపి న్యాయంగా పునరాలోచించవలసినదని ఆదేశించినది. పెద్ద రాజ్యాల కథల కంటె ఈ చిన్న గుత్తేదారు కథలోనే ఈ చట్టపు బరువు తెలుస్తుందని నా అభిప్రాయం. గోడకు సున్నం వేసినవాడు తన కూలి అడగడానికి విదేశాంగ శాఖ గడప ఎక్కవలసి వచ్చినది.

మరల లండనుకు పోదము. 1967 ఫిబ్రవరిలో నిజాం మరణించినాడు. వెస్ట్ మినిస్టర్ బ్యాంకు మరొక బ్యాంకులో కలిసి 1970లో నేషనల్ వెస్ట్ మినిస్టర్ అయినది. 1971లో బ్రిటనులో దశాంశ నాణేలు వచ్చినందున ఆ తొమ్మిది షిల్లింగులకు సైతం లెక్క మారినది. సొమ్ము మాత్రం వడ్డీతో పెరుగుతూ పోయినది. భారతదేశం, పాకిస్తాను, నిజాం మనుమలు తమలో తాము ఒక ఒప్పందానికి రాలేకపోయినారు.

2013లో పాకిస్తాను తానే బ్యాంకు మీద దావా వేసినది. సొమ్ము తనకు ఇప్పించవలసినదని దాని కోరిక. ఏ న్యాయ సలహా మీద వేసినారో గాని, ఉన్ముక్తి శాస్త్రం చదివినవారు తలపట్టుకొనే అడుగు అది. న్యాయస్థానపు మెట్టు తనంత తానుగా ఎక్కిన రాజ్యం, ఆ తగవులో తన ఉన్ముక్తిని వదులుకొన్నట్లే. 1957లో అయిదుగురు న్యాయమూర్తులు మూసిన తలుపును, ఆ మూతవల్ల లాభపడినవారే తెరచినారు. పొరబాటు గ్రహించి పాకిస్తాను దావాను వెనుకకు తీసుకొనడానికి నోటీసు ఇచ్చినది. 2015లో న్యాయస్థానం ఆ నోటీసును రద్దు చేసినది. ఒకసారి అందరినీ పిలిచి, ఇష్టం లేనప్పుడు లేచిపోవడం న్యాయ ప్రక్రియను దుర్వినియోగం చేయడమేనని దాని భావం.

అప్పుడు గాని, బదిలీ జరిగిన ఏడు దశాబ్దాలకు, సాక్ష్యం వినే ఘడియ రాలేదు. సాక్షులెవరూ మిగలలేదు, ఉత్తరాలు, తంతులు, బ్యాంకు కాగితాలు మిగిలినవి. హైదరాబాదుకు విమానాలలో ఆయుధాలు చేరవేయడంలో తాము సహకరించినామని, ఈ సొమ్ము దానికి ప్రతిఫలమని పాకిస్తాను వాదం. లేదా భారతదేశపు చేతికి చిక్కకుండ తమకు అప్పగించినదని మరొక వాదం. ఆయుధాల రవాణా జరిగినదని జస్టిస్ మార్కస్ స్మిత్ అంగీకరించినాడు. సొమ్ము దానికి ప్రతిఫలమనడానికి ఆధారం లేదన్నాడు. రహీంతూలా ఆ సొమ్మును నిజాం కొరకు ధర్మకర్తగా పట్టి ఉంచినాడని నిర్ణయించి, 2019 అక్టోబరు 2న భారతదేశానికి, ఇద్దరు మనుమలకు అనుకూలంగా తీర్పు చెప్పినాడు. అప్పటికి మొత్తం సుమారు 3 కోట్ల 50 లక్షల పౌండ్లకు చేరినది. 2020 ఆరంభంలో సొమ్ము చేతులు మారినది.

ఉన్ముక్తి వలన ఇక్కడ కలిగిన నష్టమెంత? సొమ్ము పెరిగినదే గాని తరుగలేదు గదా అని కొందరు అనవచ్చును. బదిలీ చేసిన మంత్రి, పుచ్చుకొన్న హైకమిషనరు, తంతి ఇచ్చిన నిజాం, ముగ్గురూ బ్రతికి ఉన్న 1954లోనే ఈ తగవు వినబడి ఉంటే, వారిని ప్రమాణం చేయించి అడుగదగిన ప్రశ్నలు చాల ఉండేవి. అట్లని ఉన్ముక్తి వట్టి అన్యాయమని కొట్టివేయలేము. మన రాయబారులు పరదేశాలలో, ఒక్కొక్కప్పుడు శత్రుభావం గల రాజధానులలో, నిర్భయంగా పనిచేయగలుగుతున్నారంటే దాని చలువే. 1979లో టెహరానులో అమెరికను రాయబార కార్యాలయం వారిని 444 రోజులు నిర్బంధించినప్పుడు ఆ రక్షణ లేకపోతే ఏమవుతుందో లోకం చూచినది.

నిధి తీర్పులో ఒక ప్రశ్న వినబడకుండానే మిగిలినది. ఖాతా హైదరాబాదు ప్రభుత్వానిది. తెలంగాణ, మరాఠ్వాడ, కన్నడ జిల్లాల రైతులు కట్టిన శిస్తుతో నిండిన ఖజానా అది. అందులో సంస్థానపు సొమ్ము ఎంత, నిజాం సొంతం ఎంత? భారతదేశం, మనుమలు విచారణకు ముందే రహస్యంగా రాజీపడి ఒకే పక్షాన నిలిచినందున న్యాయమూర్తికి వారి మధ్య హద్దు గీయవలసిన పని పడలేదు. రాజీ నిబంధనలు బయటికి రాలేదు. ఈసారి అడ్డు వచ్చినది ఉన్ముక్తి కాదు. అడిగేవారు ఎవరూ లేకపోవడమే.